మంచినీళ్ల నీతి మీద ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు: మొత్తం పూర్తిచేశాక నా రివ్యూ

మొన్ననే ఆరో వారం అయిపోయింది, సర్టిఫికెట్ కూడా మెయిల్లో వచ్చేసింది, కానీ విన్న విషయాలు మాత్రం బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అందుకే మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. రివ్యూ కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. సబ్జెక్టు ఏంటంటే మంచినీళ్లు. భూమ్మీద మనం వాడుకోగలిగే నీళ్లు ఎన్ని ఉన్నాయి, అవి ఎవరివి, కరువొస్తే ముందు ఎవరికి ఇవ్వాలి, నీటికి రేటు పెట్టొచ్చా పెట్టకూడదా, వీటన్నిటినీ ఒకపక్క పర్యావరణ శాస్త్రం, ఇంకోపక్క కథోలిక శ్రీసభ (క్యాథలిక్ చర్చి) బోధన పెట్టుకుని చెప్తారు. చెప్పేవాళ్లు ఇద్దరు. ఒక మేడమ్ గారు హైడ్రాలజిస్టు, ఏళ్ల తరబడి భూగర్భజలాల మీద పనిచేసినావిడ. రెండో ఆయన నీతిశాస్త్రం చెప్పే ఫాదర్ గారు. కోర్సు పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఎందుకంటే నేను చెప్పేవి ఇలాంటి సబ్జెక్టు మీద ఏ కోర్సు తీసుకున్నా చూసుకోవాల్సిన విషయాలే, పైగా కొన్ని కంప్లయింట్లు కూడా ఉన్నాయి.

నా గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే నేను దీనికి ఎందుకింత కదిలిపోయానో అర్థం కాదు. నేను చదివింది ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. పెరిగింది ఆదివారం దివ్యపూజ తప్పని ఇంట్లో. క్లాసులో నీళ్లంటే పీహెచ్, టీడీఎస్, బీఓడీ లాంటి నాణ్యత కొలతలు. గుడిలో నీళ్లంటే జ్ఞానస్నానం (బాప్తిస్మం), పాస్కా జాగరణ రాత్రి, అంటే ఈస్టర్ ముందు రాత్రి, పెద్ద కొవ్వొత్తిని ముంచి ఆశీర్వదించే నీళ్లు. ఈ రెండూ ఒకే నీళ్లని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ల్యాబులో ఉన్నంతసేపు ఒక మనిషిని, గుడిలో ఉన్నంతసేపు ఇంకో మనిషిని. ఆ రెండిటినీ కలిపే కోర్సు ఒకటుందని తెలిసిన రోజే చేరిపోయా.

మొదటి వారం అంతా సైన్సే, దేవుడి మాట ఒక్కటి కూడా రాదు, నాకది చాలా నచ్చింది. మేడమ్ గారు మొదటి వీడియోలోనే ఒక బొమ్మ చూపిస్తారు. భూమ్మీదున్న నీళ్లన్నీ, సముద్రాలతో సహా, ఒక బంతిలా చుడితే దాని అడ్డం సుమారు 1,385 కిలోమీటర్లు వస్తుంది. అందులోంచి ఉప్పునీళ్లు తీసేసి, మంచుగడ్డలు తీసేసి, భూగర్భజలం, నదులు, సరస్సులు, చిత్తడి నేలల్లో ఉన్న మంచినీళ్లు మాత్రమే చుడితే 273 కిలోమీటర్లు. ఒక్క నదులూ సరస్సులే అయితే 56. భూమి అడ్డం 12,742 కిలోమీటర్లు, దాని పక్కన ఈ 56 ఎంత? మొత్తం నీటిలో మంచినీళ్లు 2.5 శాతమని, అందులో మూడింట రెండొంతులకు పైగా మంచుగానే ఉందని నేను డిగ్రీలో బట్టీపట్టి పరీక్షలు రాసినదాన్నే, అయినా ఆ చిన్న నీలం చుక్క చూసినప్పుడు వీడియో ఆపేసి కాసేపు అలా చూస్తూ ఉండిపోయా.

ఆ తర్వాత వచ్చే పాఠం ఇంకా ముఖ్యమైనది. నీళ్లు తీసుకోవడం వేరు, ఖర్చు చేయడం వేరు. ఒక థర్మల్ ప్లాంటు నదిలోంచి బోలెడు నీళ్లు తోడి, చల్లబరచడానికి వాడుకుని, చాలావరకు వెచ్చగా అయినా సరే మళ్లీ నదిలోకే వదులుతుంది. పొలానికి పెట్టిన నీళ్లలో ఎక్కువ భాగం ఆకుల్లోంచి ఆవిరై గాల్లోకి పోతుంది, ఆ నదికి తిరిగి రాదు. ప్రపంచంలో మనుషులు తోడే మంచినీళ్లలో దాదాపు 70 శాతం వ్యవసాయానికే పోతున్నాయి, ఇళ్లలో వాడేది పది పన్నెండు శాతం చుట్టూ. అంటే పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టెయ్యమని పిల్లలకి చెప్పడం మంచిదే గానీ అసలు కథంతా పొలం దగ్గర ఉంది. ఇంకో మెలిక కూడా చెప్పారు, డ్రిప్ పెడితే నీళ్లు ఆదా అయిపోతాయని మనమందరం అనుకుంటాం కదా, కానీ ఇంతకుముందు పొలంలో "వృథా" అయిన నీళ్లలో కొంత భూమిలోకి ఇంకి పక్కవాడి బావిలో తేలేది, ఇప్పుడు అది ఆగిపోతుంది, మిగిలిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాలు సాగులోకి తెస్తాడు, చివరికి మొత్తం ఖర్చు పెరిగినా పెరగొచ్చు. ఎవరికి ఆదా, ఎవరికి నష్టం అని లెక్క వేయకుండా ఆదా అనే మాట వాడొద్దన్నారు. నేను ఈ మాట నోట్‌బుక్కులో రెండుసార్లు రాసుకున్నా.

భూగర్భజలాల వీడియో మాత్రం చాలా స్పీడుగా లాగించేశారు, ఆవిడ సొంత సబ్జెక్టు అయ్యుండీ. అమెరికాలో ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న ఒగల్లాలా భూగర్భజల పొర, ఈజిప్టు, లిబియా, సూడాన్, చాద్ కింద ఉన్న నూబియన్ ఇసుకరాతి పొరలు, వీటిలో చాలా నీరు వేల ఏళ్ల కిందటి వర్షాలది, ఇప్పుడు తోడితే మన లెక్కలో మళ్లీ నిండదు. 2002లో పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంట గురించి చెప్పిన ఐదు నిమిషాలు మాత్రం బంగారం. కింద నీళ్లు తగ్గితే అక్కడ బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే గురుత్వాకర్షణ వెంట్రుకవాసి మారుతుంది, ముందు ఒకటి వెనక ఒకటి పోతున్న రెండు ఉపగ్రహాల మధ్య దూరం ఆ మార్పుకి అతి సూక్ష్మంగా అటూఇటూ అవుతుంది, దాన్ని కొలిచి భూమి కింద ఎంత నీరు పోయిందో చెప్తారు. కంటికి కనపడని నీటిని ఆకాశంలోంచి తూకం వేయడం అన్నమాట.

రెండో వారం నుంచి ఫాదర్ గారు వస్తారు. నిజం చెప్పాలంటే నాకిక్కడ భయం వేసింది, ఎందుకంటే ఇలాంటి చోట్ల సాధారణంగా జరిగేది ఏంటంటే సైన్సు అయిపోయాక ఒక బైబిలు వాక్యం చదివి, సృష్టిని కాపాడుకుందాం అని ముగించేస్తారు. ఇక్కడ అలా జరగలేదు. ఆయన మొదలుపెట్టింది 1241లో నార్వే నుంచి వచ్చిన ఒక సమస్యతో. అక్కడి నీడరోస్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పోపు తొమ్మిదో గ్రెగరీకి విన్నవించుకున్నాడు, మా దగ్గర ఒక్కోసారి నీళ్లు దొరక్క పసిపిల్లలకి బీరుతో జ్ఞానస్నానం ఇచ్చేస్తున్నారు, అది చెల్లుతుందా అని. పోపు గారు చెల్లదని జవాబు రాశారు. నీళ్లే కావాలి. ఇప్పటి శ్రీసభ చట్టంలో కూడా జ్ఞానస్నానానికి నిజమైన నీళ్లే వాడాలని ఉంది.

ఇది వినగానే మనకి ఇదేదో పాత చాదస్తం అనిపించొచ్చు. కానీ ఫాదర్ గారు దాన్ని తీసుకెళ్లి మేడమ్ గారి మొదటి వారం పాఠానికి ముడేశారు చూడండి, నాకు కోర్సు మొత్తంలో బాగా నచ్చింది అక్కడే. బొగ్గు అయిపోతే సూర్యుడున్నాడు, రాగి అయిపోతే అల్యూమినియం ఉంది, నీటికి బదులు ఏముంది? ఒంట్లో కణానికి బదులు లేదు, మొక్క వేరుకి బదులు లేదు, జ్ఞానస్నానపు తొట్టికీ బదులు లేదు. ఒక వస్తువు కొరతైతే రేటు పెరుగుతుంది, పెరిగితే జనం వేరేదానికి మారతారు అని మార్కెట్టు లెక్క. మారడానికి వేరేది లేని వస్తువు దగ్గర ఆ లెక్క సగంలో ఆగిపోతుంది, డబ్బున్నవాడు కొనుక్కుంటాడు, లేనివాడు చెరువులో ఉన్న మురికి నీళ్లే తాగుతాడు. ఇక మీదట కోర్సులో హక్కు, ధర, ఆస్తి అని ఏది మాట్లాడినా ఈ "బదులు లేదు" అనే మాట దగ్గరికే తిరిగొస్తారు.

బైబిలు భాగంలో ఆయన ఎంచుకున్నవి కూడా మామూలుగా ప్రసంగాల్లో వినేవి కాదు. ఆదికాండం 26లో ఈసాకు బావుల కథ ఉంది కదా, తండ్రి అబ్రహాము కాలంలో తవ్విన బావుల్ని ఫిలిస్తీయులు మట్టితో పూడ్చేస్తారు, ఈసాకు మనుషులు మళ్లీ తవ్వుతారు, గెరారు కాపరులొచ్చి ఈ నీళ్లు మావి అని గొడవపడతారు, ఆ బావికి జగడం అని పేరు, రెండోది తవ్వితే మళ్లీ గొడవ, దానికి పగ అని పేరు, మూడోదానికి గొడవ లేదు, దానికి చోటు దొరికింది అని అర్థం వచ్చే పేరు. మేడమ్ గారు పక్కనుంచి అడిగారు, మూడో బావి పాత రెండిటికీ ఎంత దూరంలో తవ్వాడు, ఒకే పొరలోంచి తోడుతుంటే గొడవ తగ్గదు కదా అని. ఫాదర్ గారు నవ్వి, బైబిల్లో ఉన్నది ఒక్కటే, అక్కణ్ణుంచి కదిలి వెళ్లి తవ్వాడని, అన్నారు. ఇలా ఇద్దరూ ఒకరి మాటల్లోకి ఒకరు వచ్చి అడుగుతూ ఉండటమే ఈ కోర్సుకి ప్రాణం, విడివిడిగా రికార్డు చేసి అతికించి ఉంటే ఇందులో సగం కూడా ఉండేది కాదు.

యోహాను సువార్తలో బావి దగ్గర యేసు ప్రభువుతో మాట్లాడిన సమరీయ స్త్రీ కథ దగ్గర నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, దాచుకోవాల్సిన అవసరం లేదు. చిన్నప్పట్నుంచి ఆ సువార్త చదివినప్పుడల్లా వినే వివరణ ఒకటే, ప్రభువు జీవజలం గురించి చెప్తుంటే ఆవిడకి అర్థంకాక మామూలు నీళ్లనుకుంది అని. ఆవిడ అడిగిందేంటి? అయ్యా ఆ నీళ్లు నాకిప్పించండి, నాకు మళ్లీ దాహం వేయకూడదు, తోడుకోవడానికి ఇంతదూరం రావాల్సిన పని ఉండకూడదు అని. అర్థంకాక అడిగిన మాట కాదది, రోజూ మిట్టమధ్యాహ్నం కుండ మోసే ఆడమనిషి అడిగే మాట, అన్నారు మేడమ్ గారు. వెంటనే స్క్రీన్ మీద ఒక అంకె వేశారు. ప్రపంచం మొత్తమ్మీద ఆడవాళ్లు, ఆడపిల్లలు నీళ్లు తేవడానికి రోజుకి 20 కోట్ల గంటలు ఖర్చుచేస్తున్నారని యునిసెఫ్ 2016లో చెప్పింది. ఇంట్లో నీటి వసతి లేని కుటుంబాల్లో పదింటికి ఏడింట్లో ఆ పని ఆడవాళ్లదే. ఇన్నేళ్లుగా ఆ సువార్త వింటున్నా ఆవిడ చేతిలో కుండ బరువు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదే అని నా మీద నాకే బాధేసింది. కాకపోతే ఒక కంప్లయింట్, ఈ విషయానికి ఇచ్చింది పద్దెనిమిది నిమిషాలు. నా ఉద్దేశంలో దీనికి ఒక వారం ఇవ్వాలి.

మూడో వారం శ్రీసభ సామాజిక బోధన. ఇది కొంచెం బరువుగా ఉంటుంది, తేదీలూ పత్రాలూ ఎక్కువ, ముందే చెప్తున్నా. సారాంశం ఏంటంటే, కథోలిక బోధన సొంత ఆస్తిని ఒప్పుకుంటుంది, 1891లో పోపు పదమూడో లియో గారే గట్టిగా చెప్పారు, కానీ దాని మీద ఇంకో పెద్ద సూత్రం ఉంది, భూమి, అందులో ఉన్నవన్నీ దేవుడు అందరి కోసం ఇచ్చినవి అని, రెండో వాటికన్ మహాసభ 1965లో అదే మళ్లీ చెప్పింది. నీటి దగ్గరికొచ్చేసరికి 2003లో క్యోటోలో జరిగిన ప్రపంచ నీటి సమావేశానికి వాటికన్ ఒక పత్రం పంపింది, 2009లో పోపు పదహారో బెనెడిక్ట్ గారు తిండి, నీళ్లు మనుషులందరి హక్కని రాశారు, 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తాగునీటిని, పారిశుద్ధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది, 122 దేశాలు అవునన్నాయి, ఒక్కరు కూడా కాదనలేదు, 41 దేశాలు మాత్రం ఎటూ చెప్పకుండా ఊరుకున్నాయి. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు పర్యావరణం మీద రాసిన "లౌదాతో సి" లేఖ ఇంకో అడుగు ముందుకేసింది, మంచినీళ్లు అందడం మిగతా హక్కులన్నిటికీ ముందుండాల్సిన షరతు, అది అందని పేదలకి ఈ ప్రపంచం బాకీ పడి ఉంది అని. బాకీ అనే మాట దగ్గర ఫాదర్ గారు ఆగారు. దానం అయితే ఇవ్వచ్చు మానొచ్చు, బాకీ తీర్చకపోతే తప్పు మనది.

మరి హక్కంటే ఉచితమా? ఇక్కడ కోర్సు నిజాయితీగా మాట్లాడింది. 1992లో డబ్లిన్ సమావేశంలో నీటికి ఆర్థిక విలువ ఉందని, దాన్ని ఆర్థిక వస్తువుగా చూడాలని తీర్మానించారు, అదే తీర్మానంలో అందరికీ భరించగలిగే ధరకి అందడం ప్రాథమిక హక్కని కూడా ఉంది, రెండోది చాలామంది చదవరు. పైపులు వేయాలి, పంపులు తిప్పాలి, శుభ్రం చేయాలి, మురుగు కూడా శుభ్రం చేయాలి, వీటికి డబ్బు ఎవరో ఒకరు కట్టాలి. మేడమ్ గారన్న మాట ఏంటంటే నీళ్లు దేవుడివే, పైపు మాత్రం మనం వేయాలి, తుప్పు పట్టకుండా కూడా మనమే చూసుకోవాలి. ఉదాహరణకి అమెరికాలోని ఫ్లింట్ అనే ఊరి గురించి చెప్పారు, 2014లో ఆ ఊరికి నీళ్లిచ్చే చోటు మార్చి నది నీళ్లు ఎక్కించారు, పైపుల తుప్పుని ఆపే మందు కలపలేదు, పాత పైపుల్లోని సీసం కరిగి కుళాయిల్లోకి వచ్చేసింది. అక్కడ కుళాయి లేకపోవడం సమస్య కాదు, బిల్లు కూడా వస్తూనే ఉంది. 2022 లెక్క ప్రకారం ప్రపంచంలో 220 కోట్ల మందికి సురక్షితంగా నిర్వహించే తాగునీరు లేదు, వాళ్లలో కుళాయి ఉండి కూడా ఆ నీళ్లని నమ్మలేని వాళ్లూ ఉన్నారు.

నాలుగో వారం కేసులు. కొచబాంబా కథ చాలామందికి తెలుసు, బొలీవియాలో ఊరి నీటి సరఫరాని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు, బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి, 2000లో జనం వీధుల్లోకి వచ్చారు, పదిహేడేళ్ల కుర్రాడు కాల్పుల్లో చనిపోయాడు, అక్కడి అగ్రపీఠాధిపతి మధ్యవర్తిగా కూర్చున్నారు, ఏప్రిల్లో కాంట్రాక్టు రద్దయింది. చాలాచోట్ల కథ ఇక్కడితో ఆపేస్తారు. వీళ్లు ఆపలేదు. ప్రభుత్వ సంస్థ తిరిగొచ్చాక కూడా ఊరి దక్షిణం వైపు బీదవాడలకి పైపులు చాలాకాలం రాలేదు, ట్యాంకర్ల దగ్గర కొనుక్కుంటూనే ఉన్నారు. కంపెనీ పోయినంత మాత్రాన నీళ్లు రావు అని తెలిసి ఉండటం మంచిది.

కానీ నా నిద్ర చెడగొట్టింది మాత్రం బ్రెజిల్ కేసు. సావ్ ఫ్రాన్సిస్కో నది, సుమారు 2,800 కిలోమీటర్లు, పేరు పునీత ఫ్రాన్సిస్ అస్సీసిది, నీటిని అక్కా అని పిలిచిన ఆ ఫ్రాన్సిస్సే. ఆ నది నీళ్లని కాలువల ద్వారా ఈశాన్య బ్రెజిల్లోని కరువు ప్రాంతానికి మళ్లించాలని ప్రభుత్వం తలపెట్టింది, 1.2 కోట్ల మందికి నీళ్లొస్తాయంది. బార్రా పీఠాధిపతి (బిషప్) లూయీజ్ ఫ్లావియో కాపియో, ఆయన ఫ్రాన్సిస్కన్ సభకి చెందినాయన, వద్దన్నారు. 2005లో 11 రోజులు, మళ్లీ 2007లో 24 రోజులు నిరాహార దీక్ష చేశారు. ఆయన వాదన ఏంటంటే ఈ నీళ్లు పేదవాడి కుండలోకి రావు, పెద్ద కమతాల్లో ఎగుమతి పంటలకీ పరిశ్రమలకీ పోతాయి, పైగా ముందు నదిని బతికించండి, ఒడ్డున ఉన్నవాళ్లకే నీళ్లు అందట్లేదు అని. ప్రాజెక్టు ఆగలేదు, తూర్పు కాలువ 2017 మార్చిలో తెరిచారు, నీళ్లొచ్చిన ఊళ్లలో జనం సంబరాలు చేసుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, ఎవరు రైటు? దాహంగా ఉన్నవాడికి నీళ్లివ్వమనే సువార్త రెండువైపులా ఉంది. మూడో వారంలో నేర్చుకున్న హక్కు ఇక్కడ ఇద్దరి చేతిలోనూ ఉంది. ఒకే కాలువలో ఒక ఊరి తాగునీళ్లు, ఒక ఎగుమతి తోట నీళ్లు కలిసి పారుతున్నప్పుడు ఏది ముందు అని ఎలా తేల్చాలి? నేను ఈ ప్రశ్నే మెయిల్లో అడిగా. పదకొండు రోజులకి మేడమ్ గారు నాలుగు లైన్ల జవాబు రాశారు, కాలువ మీద ఎక్కడెక్కడ తూములున్నాయో, ఏ తూములోంచి ఎంత పోతోందో కొలిచే మీటరుందో లేదో, ఆ లెక్క జనానికి చూపిస్తున్నారో లేదో ముందు చూడమని, అది లేకుండా పేదవాడికే ముందు అనే మాట కాగితం మీదే ఉండిపోతుందని. ఆలస్యమైనా ఆ జవాబు నాకు చాలా పనికొచ్చింది. అప్పట్నుంచి ఏ నీటి ప్రాజెక్టు వార్త చదివినా నేను ముందు తూములెన్ని అనే వెతుకుతున్నా.

ఇక్కడే నా పెద్ద అసంతృప్తి కూడా చెప్పాలి. కోర్సు తాగునీటి దగ్గర చాలా ధైర్యంగా ఉంటుంది, సాగునీటి దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోతుంది. తాగడానికి నీళ్లు హక్కు అనేది ఒప్పుకోవడం తేలిక, ఎవరూ కాదనరు, పరిమాణం కూడా తక్కువ. 70 శాతం పొలాలకి పోతోందని మొదటి వారంలో మీరే చెప్పి, ఆ 70 శాతం మీద నీతి ఏంటో చివరిదాకా చెప్పకపోతే ఎలా? చిన్న రైతుకి నీళ్లు హక్కా, అవసరమా, అదృష్టమా? బోరు లోతుగా వేసుకోగలిగినవాడు పక్కవాడి బావి ఎండగొడితే అది దొంగతనం కిందికి వస్తుందా, ఏడో ఆజ్ఞ అక్కడ వర్తిస్తుందా? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలు, అడగలేదు.

రెండో లోటు యోర్దాను నది. మొత్తం కోర్సులో దానికి ఇచ్చింది పన్నెండు నిమిషాలు. సైన్సూ విశ్వాసమూ ఒకే చోట కలిసే నది ఇంతకంటే ఏముంది చెప్పండి! ప్రభువు జ్ఞానస్నానం తీసుకున్న నది, గలిలీయ సరస్సు నుంచి కిందికి మృత సముద్రం దాకా పారే ఆ దిగువ భాగంలో ఒకప్పటి ప్రవాహంలో 90 శాతానికి పైగా ఇప్పుడు లేదు. 1964 నుంచి దశాబ్దాలపాటు ఇజ్రాయెల్ పెద్ద పైపులతో సరస్సు నీళ్లు దక్షిణానికి తీసుకెళ్లింది, ఉపనది యర్మూకు నీళ్లు సిరియా, జోర్డాన్ తీసుకుంటున్నాయి, ఉన్న కాస్తలో చాలాకాలం మురుగు, ఉప్పు ఊటలు, పొలాల మిగులు నీళ్లు కలిశాయి. కింద మృత సముద్రం మట్టం ఏడాదికి మీటరుకి పైగా పడిపోతోంది, ఒడ్డున నేల గుంతలుగా కుంగిపోతోంది. ఆ నదికి రెండు ఒడ్డుల నుంచీ యాత్రికులు దిగి తెల్లబట్టల్లో మునుగుతారు. మునిగే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎవరి వాటా పోగా మిగిలినవి అనేది జ్ఞానస్నానం గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఒకసారి వినాల్సిన విషయం. పన్నెండు నిమిషాల్లో మ్యాపు చూపించి వెళ్లిపోయారు.

ఐదో వారం లైవ్ సెషన్ మాత్రం అద్భుతం. ఒక ఊహా నది, మా పన్నెండుమందికి పన్నెండు పాత్రలు, ఎగువ రైతు, దిగువ రైతు, నగరం, డ్యాము, చేపలు పట్టేవాళ్లు, బాట్లింగ్ కంపెనీ, ఇంకా పుట్టని పిల్లలు, ఇలా. కరువు సంవత్సరం, నీళ్లు పంచుకోవాలి. నాకు వచ్చిన పాత్ర "నదిలోనే ఉండిపోవాల్సిన నీళ్లు". ఎన్విరాన్‌మెంటల్ ఫ్లో అని చదువుకున్నదే, నది నదిలా బతకడానికి ఏ నెలలో ఎంత పారాలో అంత. అందరూ మాకింత కావాలి అని అడుగుతుంటే నేను ఎవరికీ ఇవ్వకండి, అలా పారనివ్వండి అని అడగాలి. మొదట్లో నా మాట ఎవరూ పట్టించుకోలేదు, నగరం పాత్ర వేసినాయన అయితే చేపల కోసం మనుషుల్ని ఎండబెడతారా అన్నాడు. అప్పుడు నాకు "లౌదాతో సి"లో చదివింది గుర్తొచ్చి చెప్పా, ప్రతి జీవికీ మనకి పనికొచ్చినందుకు కాకుండా దేవుడి ముందు దాని విలువ దానికుంది అని. దాంతోపాటు సైన్సు కూడా చెప్పా, ఆ నీళ్లు పారకపోతే దిగువన ఉప్పు ఎగదన్నుతుంది, మురుగు పలచబడదు, ఒడ్డున బావులు ఊరవు, చివరికి మీరు నీళ్లు తోడుకునే చోటే నీళ్లు పాడవుతాయి అని. గంటన్నర వాదించుకున్నాక ఎగువ రైతు ఒక తడి వదులుకుంటానన్నాడు, నగరం లీకులు కడతానంది, నాకు అడిగినదాంట్లో సగం వచ్చింది. ల్యాబు మనిషి, గుడి మనిషి నాలో ఒకేసారి నోరు తెరిచి మాట్లాడింది అప్పుడే.

ఆరో వారం సొంత ఆచరణ. 2017 జూలైలో రోము చుట్టూ కరువొస్తే వాటికన్ తన దగ్గరున్న దాదాపు వంద ఫౌంటెన్లు ఆపేసిన విషయంతో మొదలుపెట్టి, మీ గుడిలో, మీ బడిలో, మీ ఇంట్లో నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో వారం రోజులు వెంబడించి రాయమన్నారు. రావడం తెలుసుకోవడం ఒక పూటలో అయిపోయింది, పోవడం తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, మురుగు ఎక్కడ కలుస్తుందో అడిగితే ఎవరికీ తెలీదు. శ్రీసభకి చాలాచోట్ల ఆస్పత్రులు, బడులు, భూములు ఉన్నాయి, వాటి నీటి లెక్కలు బయటపెట్టాలి అనే మాట ఫాదర్ గారి నోట ఒకసారి వచ్చింది గానీ పొడిగించలేదు, అది ఇంకా గట్టిగా అనాల్సింది.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తా. వీడియో క్వాలిటీ బాగుంది, సబ్‌టైటిల్స్ మెషిన్ పెట్టినవి, లాటిన్ పేర్లూ నదుల పేర్లూ వచ్చినప్పుడల్లా ఏదేదో పడుతుంది, వినికిడి సమస్య ఉన్నవాళ్లకి చాలా ఇబ్బంది, ఇది వెంటనే సరిచేయాలి. క్విజ్‌లు నాసిరకం, ఇంత లోతైన పాఠం చెప్పి ఏ సంవత్సరంలో ఏ పత్రం వచ్చింది అని నాలుగు ఆప్షన్లివ్వడం ఏంటసలు. వ్యాసం మీద కామెంట్లు మూడు వారాలకి వచ్చాయి, అప్పటికి కోర్సు అయిపోవస్తోంది, కానీ వచ్చిన కామెంట్లు మాత్రం ప్రతి పేరా చదివి రాసినవే. వారానికి నాలుగు గంటలు చాలన్నారు, నాకు ఏడు పట్టింది.

ఎవరికి పనికొస్తుందంటే, విశ్వాసం లేనివాళ్లు కూడా ఇబ్బంది లేకుండా చేయొచ్చు, మా బ్యాచ్‌లో ఇద్దరు ఉన్నారు, ఎవరినీ ఒప్పించే ప్రయత్నం ఎక్కడా జరగలేదు. గురువిద్యార్థులు (ఫాదర్లు కావడానికి చదువుతున్నవాళ్లు), ఉపదేశులు, సిస్టర్లు తప్పకుండా చేయాలి, ముఖ్యంగా మొదటి వారం సైన్సు దాటేయకండి. సైన్సు వాళ్లు మూడో వారం దగ్గర విసుగొచ్చి ఆపేయకండి, నాలుగో వారం దానిమీదే నిలబడుతుంది. లైవ్ సెషన్ ఉన్న బ్యాచ్‌లోనే చేరండి, రికార్డింగు మాత్రమే ఇచ్చే బ్యాచ్ అయితే కోర్సులో మంచి భాగం పోయినట్టే. నా రేటింగ్ 5కి 4. సాగునీటి మీద ఒక వారం, యోర్దాను మీద ఒక వారం కలిపి ఎనిమిది వారాలు చేస్తే మళ్లీ మొదట్నుంచి చేస్తానని ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా ఇదే రాసి పంపా.